బదిలీ ఇంట్లో మూడేళ్ల బిడ్డ



ఈ వ్యాసం నిజానికి మీ అమ్మానాన్నల గురించి. అయినా మీకే రాస్తున్నాను. అందుకు రెండు కారణాలు ఉన్నాయి. ఈ పత్రిక మీ సంచిలో ఇంటికి వెళుతుంది కాబట్టి, మీరు తీసి చూపిస్తేనే వాళ్లు చదువుతారు. రెండోది, మీలో చాలామంది ఇళ్లలో ఇంకా ఒకటో తరగతికి రాని తమ్ముడో చెల్లెలో ఉన్నారు. ఆ చిన్నవాళ్ల తరఫున నోరు విప్పి అడగగలిగింది ఆ ఇంట్లో మీరే.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు అమ్మానాన్నల దగ్గర దొరకవలసింది తీరిగ్గా ఒక మాట, ఒక ఆట, ఒక కథ. అక్షరాలు, ఎక్కాలు తర్వాతి సంగతి. సొంత ఊళ్లో ఉండే ఇంట్లో ఈ మాటా ఆటా సగం వాటంతటవే జరిగిపోతాయి. మనలాంటి బదిలీ ఇళ్లలో ఎవరో ఒకరు పూనుకుంటేనే జరుగుతాయి. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఊళ్లో ఇల్లు, కాలనీలో క్వార్టరు

ఊళ్లో మూడేళ్ల పిల్లాడి రోజు ఎలా గడుస్తుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. సెలవులకు వెళ్లినప్పుడు మీరూ చూసే ఉంటారు. నాయనమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ గింజలు వాడి దోసిట్లో పోస్తుంది. పాలు పోసే ఆయన పేరు పెట్టి పలకరిస్తాడు. పక్కింటి అత్త "ఏరా, అన్నం తిన్నావా? ఏం కూర?" అని అడుగుతుంది. వాడు చెప్పేదాకా వదలదు. తాతయ్య భుజాన ఎక్కించుకుని చెరువు గట్టు దాకా తీసుకెళ్తే కొంగ, తూము, తుమ్మచెట్టు అన్నీ పరిచయమవుతాయి. వీళ్లలో ఎవరూ పాఠం చెప్పాలని కూర్చోలేదు. అయినా పొద్దు గూకేసరికి వాడి నోట నిన్న లేని మాటలు ఉంటాయి.

ఇప్పుడు మన క్వార్టరు చూడండి. తలుపు వేసే ఉంటుంది. నాన్నగారికి షిఫ్టు డ్యూటీ, లేదా వేరే ఊళ్లో డ్యూటీ. అమ్మకు ఉద్యోగం, లేకపోతే ఒంటి చేత్తో ఇంటెడు చాకిరీ. పక్క క్వార్టరు వాళ్లది ఒక భాష. పనికి వచ్చే ఆవిడది ఇంకో భాష. ఫోన్‌లో ఆడే కార్టూన్‌ది మరో భాష. మీరు బడికి వెళ్లిపోతే ఆ పిల్లాడికి తెలుగులో మాట్లాడే మనిషి రోజంతా ఒక్కరే, ఆ ఒక్కరూ పనిలో ఉంటారు. "తిను", "పడుకో", "అది ముట్టుకోకు" అనే మూడు మాటల్లో రోజు అయిపోతుంది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. బదిలీ ఉత్తర్వు మీద ఉద్యోగి పేరు ఉంటుంది. నాయనమ్మ పేరు, పక్కింటి అత్త పేరు, చెరువు గట్టు పేరు ఉండవు. సామానుతో పాటు అవి రావు. కాబట్టి వాళ్లందరూ చేసే పనిని అమ్మానాన్నలే కొంత చేయాలి. బిడ్డ పెంపకంలో పాలుపంచుకోవడం అంటే నాకు తెలిసిన అర్థం ఇదే.

ఆరేళ్లకు ముందు జరిగేది

2020 జాతీయ విద్యా విధానం మన బడి చదువును 5+3+3+4 అని నాలుగు దశలుగా చేసింది. మొదటి ఐదేళ్లను పునాది దశ అన్నారు. మూడేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా నడిచే దశ అది. అందులో మొదటి మూడేళ్లు అంగన్‌వాడీలోనో బాలవాటికలోనో గడుస్తాయి. తర్వాతి రెండేళ్లు ఒకటి, రెండు తరగతులు. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని ఆ విధానపత్రంలో రాశారు. కేంద్రీయ విద్యాలయాల్లో బాలవాటికలు 2022-23లో మొదలయ్యాయి. ఒకటో తరగతిలో చేరాలంటే ఆరేళ్లు నిండాలి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఈ దశ కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆటనే బోధనకు కేంద్రంగా పెట్టింది. 2023 ఫిబ్రవరిలో విడుదలైన "జాదుయీ పిటారా" అనే పెట్టెలో ఉన్నవి ఆటవస్తువులు, తోలుబొమ్మల్లాంటి చేతిబొమ్మలు, పజిళ్లు, బొమ్మల కార్డులు, కథల పుస్తకాలు. ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు కూడా మొదటి మూడు నెలలు ఆటపాటలతో సాగే "విద్యాప్రవేశ్" ఉంది. అంటే, ఆడుకోనివ్వండి అని బడే చెబుతోంది. ఇంట్లో మాత్రం చాలామంది పెద్దవాళ్లు నాలుగేళ్ల పిల్లాడి చేతికి నాలుగు గీతల కాపీ పుస్తకం ఇచ్చి, ఏ నుంచి జెడ్ దాకా రాస్తేనే టిఫిన్ అంటారు.

నేను దీనికి వ్యతిరేకిని. రాయడం చెడ్డపని అని కాదు. చేయి సిద్ధంగా లేదు. పెన్సిల్ పట్టుకోవాలంటే వేళ్లలో, మణికట్టులో బలం రావాలి. ఆ బలం బఠాణీలు వలిస్తే వస్తుంది. చపాతీ పిండి ముద్ద పిసికితే, పాత పేపరు చింపితే, పూసలు గుచ్చితే, చొక్కా గుండీ తనే పెట్టుకుంటే వస్తుంది. ఈ పనులన్నీ మన వంటింట్లోనే ఉన్నాయి, ఖర్చు లేకుండా. వేళ్లు గట్టిపడ్డాక అక్షరాలు నేర్చుకోవడానికి పట్టే కాలం తక్కువ. గట్టిపడక ముందే రాయిస్తే పిల్లాడు నేర్చుకునేది అక్షరం అంటే భయం.

లెక్కలూ అంతే. నూరు దాకా గబగబా అప్పజెప్పే నాలుగేళ్ల పిల్లను "ఐదు గరిటెలు తీసుకురామ్మా" అంటే గుప్పెడు తెచ్చి పెట్టడం మీరు చూసే ఉంటారు. అప్పజెప్పడం పాటలాంటిది, లెక్కపెట్టడం వేరు. అన్నానికి కూర్చునేటప్పుడు "మనం నలుగురం కదా, ఎన్ని కంచాలు కావాలి?" అని అడిగితే అది లెక్క. కందిపప్పు, పెసరపప్పు కలిసిపోతే వేరు చేయమంటే అది వర్గీకరణ. ఉతికిన బట్టల్లో సాక్సులకు జత కలపమంటే అది పోలిక. మన వామనగుంటల ఆటలో చింతగింజలు ఒక్కొక్కటిగా గుంటల్లో వేస్తూ పోవడం కన్నా మంచి లెక్కల పాఠం ఆ వయసుకు నాకు కనిపించలేదు. చెక్కపీట లేకపోతే నేల మీద సుద్దతో గుంటలు గీసుకోవచ్చు, ఏ రాష్ట్రంలోనైనా. గింజలు నోట్లోనో ముక్కులోనో పెట్టుకోకుండా పెద్దవాళ్లు పక్కన ఉండాలి. పక్కన ఉండడమే కదా మనం అడుగుతున్నది.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మనకో సామెత ఉంది. చిన్నపిల్లలను గద్దించేటప్పుడు దాన్ని తెగ వాడతారు. మొక్కను పెంచినవాళ్లను అడగండి. మొక్కకు మొదట కావలసింది నీళ్లు, ఎండ, కంచె. వంచడం ఎప్పుడో గాని అవసరం రాదు.

ఇంట్లో తెలుగు, బయట వేరే భాష

ఇక మన ఇళ్లలో వచ్చే పెద్ద సందేహం. "ఇంట్లో తెలుగు మాట్లాడితే వీడికి హిందీ, ఇంగ్లీషు ఎలా వస్తాయి? బాలవాటికలో వెనకబడిపోడూ?" అని తల్లిదండ్రులు నన్ను ప్రతి ఊళ్లోనూ అడిగారు. పదకొండేళ్ల సర్వీసులో ఐదు ఊళ్లు మారాను. అడిగే ప్రశ్న మాత్రం మారలేదు.

నా జవాబు ఇది. పిల్లలు భాషతో పాటు భావం నేర్చుకుంటారు. పైన, కింద, లోపల, వెనక, ఎక్కువ, తక్కువ, నిన్న, రేపు, ఎందుకంటే, ఒకవేళ. ఇవన్నీ మొదట ఆలోచనలు, తర్వాత మాటలు. "డబ్బా వెనక ఉంది" అన్నది తెలుగులో బాగా అర్థమైన పిల్లాడు హిందీలో "పీఛే" అనే ఒక్క మాట నేర్చుకుంటే చాలు. వెనక అంటే ఏమిటో ఏ భాషలోనూ తెలియని పిల్లాడు భావమూ మాటా రెండూ ఒకేసారి నేర్చుకోవాలి. కష్టం ఎవరికి ఎక్కువో మీరే చెప్పండి. మాతృభాష గట్టిగా ఉన్న పిల్లలకు రెండో భాష ఎక్కడానికి ఒక మెట్టు ఉంటుంది. విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలని చెప్పింది. మనం తిరిగే ఊళ్లలో బడి ఆ పని మనకోసం చేయలేదు. కాబట్టి అది ఇంటి పని అయింది.

అమ్మానాన్నలు తమకు బాగా వచ్చిన భాషలో మాట్లాడితేనే పిల్లలకు నిండుగా మాటలు అందుతాయి. తమకు అంతంతమాత్రంగా వచ్చిన ఇంగ్లీషులో "కమ్, సిట్, ఈట్" అంటే బిడ్డకు దొరికేది ఆ మూడు ముక్కలే. అదే అమ్మ తెలుగులో అయితే వేళాకోళం ఆడుతుంది, బుజ్జగిస్తుంది, లాలిస్తుంది, కథ అల్లుతుంది. ఇంగ్లీషు బడిలో వస్తుంది. అమ్మ వేళాకోళం బడిలో రాదు.

పిల్లలు భాషలు కలిపి మాట్లాడితే కంగారు పడనక్కరలేదు. "అమ్మా, దూధ్ కావాలి" అని చెల్లి అంటే తనకేదో గందరగోళం వచ్చిందని అర్థం కాదు. చేతికి ముందు తగిలిన మాట వాడింది, అంతే. అలాంటప్పుడు "పాలు అనాలి, తప్పు" అని దిద్దవద్దు. "పాలు కావాలా? వెచ్చగా కావాలా, చల్లగా కావాలా? పాలల్లో బెల్లం వేయనా?" అనండి. దెబ్బ లేకుండా, పాఠం లేకుండా పాలు అనే మాట తను రెండుసార్లు వింది. ఇది మీరు కూడా చేయగలిగిన పని.

కొత్త భాష ఉన్న చోట చేరిన చిన్నపిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు నోరు మెదపరు. ఇంట్లో గలగలా మాట్లాడేవాడు బాలవాటికలో గోడకు ఆనుకుని చూస్తూ ఉంటాడు. వాడు వింటున్నాడు, పోగుచేసుకుంటున్నాడు. ఆ సమయంలో "ఏం, మూగవాడివా?" అనకూడదు. కానీ ఇంట్లో కూడా, ఏ భాషలోనూ, మూడేళ్లు దాటినా మాటలు కలిపి చెప్పలేకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోతే, "రెండు భాషలు కదా, అందుకే" అని ఊరుకోవద్దు. డాక్టరుకు చూపించి చెవులు పరీక్ష చేయించాలి.

బాలవాటిక టీచరుకు ఒక చీటీ

ఒక ఊళ్లో జరిగింది చెబుతాను. తెలంగాణ నుంచి కొత్తగా వచ్చిన కుటుంబం. వాళ్ల నాలుగేళ్ల అబ్బాయి తరగతిలో "దూపైతుంది, దూపైతుంది" అంటున్నాడు. అక్కడి టీచరుది హిందీ. ఆమెకు ధూప్ అని వినిపించింది. కిటికీలోంచి ఎండ పడుతోంది కాబోలు అనుకుని వాడిని నీడకు జరిపి కూర్చోబెట్టింది, పరదా కూడా వేసింది. ఆమె శ్రద్ధగానే చేసింది. వాడి ఏడుపు మాత్రం పెరిగింది. చివరికి ఆయాను పంపి నన్ను పిలిపిస్తే, దూప అంటే దాహం అని చెప్పాను. గ్లాసుడు నీళ్లు తాగి నిమిషంలో నవ్వేశాడు.

ఆ రోజు నుంచి బదిలీ మీద వచ్చే ప్రతి తల్లిదండ్రికీ నేను ఒక మాట చెబుతున్నాను. పిల్లలను చేర్చే రోజు టీచరు చేతికి ఒక చీటీ ఇవ్వండి. మీ బిడ్డ నీళ్లను ఏమంటుంది, ఆకలిని ఏమంటుంది, నొప్పిని ఏమంటుంది, బాత్రూమ్‌కు వెళ్లాలంటే ఏ మాట వాడుతుంది, భయమేస్తే ఏం చేస్తుంది, ఇంట్లో ముద్దుపేరు ఏమిటి. ఈ ఆరూ టీచరుకు తెలిసిన లిపిలో రాసి ఇవ్వండి. కొందరి ఇంట్లో మంచినీళ్లు, కొందరి ఇంట్లో జలం, పసిపిల్లల నోట ఇంకేదో. అది ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది. బడికి సహకరించడం అంటే రోజూ గేటు దగ్గర నిలబడి "ఇవాళ ఏం నేర్పారు? పక్కబ్బాయికి ఎన్ని వచ్చు?" అని అడగడం అనుకుంటారు కొందరు. పిల్లాడి బదులు తామే బొమ్మ గీసి, రంగులు వేసి పంపడం అనుకుంటారు ఇంకొందరు. ఈ ఆరు మాటల చీటీ ఆ రెండింటికన్నా ఎక్కువ పనిచేస్తుంది.

నాన్నల మాట

ఇది అమ్మల పని అని నాన్నగారు పేపరు అడ్డం పెట్టుకుంటే మీరు ఆయనకు ఒక మీసాల అమ్మ సంగతి చెప్పండి. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అనే వకీలు ఉండేవారు. 1885లో పుట్టారు. తనకు కొడుకు పుట్టాక ఆ బిడ్డను ఎలా పెంచాలా అని ఆలోచించడం, పుస్తకాలు వెతకడం మొదలుపెట్టారు. మరియా మాంటిస్సోరి రచనలు చదివారు. చివరికి వకీలు వృత్తి వదిలి 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టారు. భయం, దెబ్బలు లేకుండా కథలతో, ఆటలతో అక్కడ పిల్లలకు చదువు సాగింది. పిల్లలు ఆయన చుట్టూ ఎంతగా చేరేవారంటే, జనం ఆయనను "మూఛాళీ మా" అన్నారు. మీసాలున్న అమ్మ అని అర్థం. వందేళ్ల కిందట ఒక తండ్రి తన బిడ్డ గురించి పెట్టుకున్న శ్రద్ధ ఒక బడి అయింది.

అందరు నాన్నలూ ఉద్యోగం వదలనక్కరలేదు. మీలో కొందరి నాన్నలు సరిహద్దుల్లో, ఓడల మీద, రైళ్లలో, ప్రాజెక్టు సైట్లలో ఉంటారు. వాళ్లకు దొరికేది ఫోన్ ఒక్కటే. దాన్నయినా సరిగ్గా వాడుకోవచ్చు. "తిన్నావా? పడుకున్నావా? ఏబీసీడీ చెప్పు" అంటే మూడేళ్ల పిల్లాడు అర నిమిషంలో పారిపోతాడు. దానికి బదులు ఒక కథ మొదలుపెట్టి, కుందేలు బావి దగ్గరికి వచ్చిందనగానే ఆపి, మిగతాది రేపు అంటే? మర్నాడు ఫోన్ రాకముందే వాడు ఫోన్ దగ్గర కూర్చుంటాడు. ఐదు నిమిషాలు చాలు. దూరంగా ఉన్న నాన్న గొంతు వాడికి కథ గొంతు అవుతుంది.

అదే ఫోన్ అన్నం తినిపించడానికి, ఏడుపు ఆపడానికి వాడితే వేరే సంగతి. ఐదేళ్ల లోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచనలు ఇచ్చింది. మూడు, నాలుగేళ్ల పిల్లలు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట దాటకూడదు, అంతకన్నా తక్కువైతే మరీ మంచిది. రోజంతా కలిపి కనీసం 180 నిమిషాలు కదులుతూ ఆడాలి. 10 నుంచి 13 గంటలు నిద్రపోవాలి. కార్టూన్‌లోని కోతి మన పిల్లాడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పదు. గోరుముద్దలు పెట్టే అమ్మ చెబుతుంది. తేడా అదే.

తెలుగువాళ్లకు కథల కొరత లేదు. 1945లో "బాల", 1947లో "చందమామ" వచ్చాయి. మీ తాతయ్యల, నాయనమ్మల తరం వాటితో పెరిగింది. ఇప్పుడు కావాలంటే నేషనల్ బుక్ ట్రస్ట్ వారి పిల్లల పుస్తకాలు తెలుగులో తక్కువ ధరకు దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి. అందులో ఒకే కథ తెలుగులోనూ, మీరున్న రాష్ట్రపు భాషలోనూ దొరుకుతుంది. ఒక రాత్రి తెలుగులో, ఇంకో రాత్రి ఆ భాషలో చదివి వినిపించవచ్చు. అదీ లేకపోతే అమ్మ చిన్నప్పుడు గేదె తప్పిపోయిన సంగతి చెప్పినా కథే.

టీసీ లేని పిల్లలు

బదిలీ వచ్చినప్పుడు మీ బాధ అందరికీ తెలుస్తుంది. స్నేహితులు కార్డులు రాసి ఇస్తారు. క్లాసు టీచరు వీపు తట్టి టీసీ చేతికిస్తారు. మూడేళ్ల తమ్ముడికి ఏ టీసీ లేదు. వాడు కూడా ఎవరినో వదిలి వస్తున్నాడు. రోజూ సెల్యూట్ కొట్టే గేటు కాపలా అంకుల్‌నో, మెట్ల కింద పడుకునే కుక్కనో, ఎదురింటి బంగాలీ పాపనో. వాడికి ఆ సంగతి చెప్పే భాష ఇంకా రాలేదు. అందుకే కొత్త ఊళ్లో రాత్రిళ్లు ఏడుస్తాడు, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలుపెడతాడు, అమ్మ కొంగు వదలడు. పెద్దవాళ్లు దాన్ని మొండితనం అంటారు. నేను దాన్ని బెంగ అంటాను.

ఇక్కడ అమ్మానాన్నలు చేయగలిగినవి చిన్న పనులే. వెళ్తున్నామని ముందుగా, వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఒక చిన్న అట్టపెట్టె వాడి పేరు మీద ఇచ్చి, వాడి బొమ్మలు వాడే సర్దుకోనివ్వాలి. చక్రం విరిగిన లారీ అయినా సరే, పాతదని అక్కడే పారేయకూడదు. లారీలో సామాను ఎక్కించే హడావిడిలో ఆ పెట్టె మనతో పాటు రైల్లో రావాలి. కొత్త ఇంట్లో మొదటి రాత్రి వంటిల్లు సర్దకపోయినా ఫర్వాలేదు. పాత దుప్పటి పరిచి, పాత కథే చెప్పి పడుకోబెట్టాలి. ఊరు మారినా, గోడలు మారినా, నిద్రకు ముందు కథ మారలేదని తెలిస్తే పిల్లాడికి ఇల్లు అంటే ఏమిటో అర్థమవుతుంది. ఇల్లు ఆ క్వార్టరు నంబరులో లేదు, ఈ మనుషుల్లో ఉంది అని.

మీ వంతు ఎంత?

ఇంతా చదివాక మీకు ఒక అనుమానం రావచ్చు. "అయితే తమ్ముణ్ణి నేనే చూసుకోవాలా?" అని. కాదు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను, మీ అమ్మానాన్నలకు వినిపించేలా. అక్క అయినంత మాత్రాన అమ్మ కాదు. తొమ్మిదో తరగతి అమ్మాయి హోంవర్కు పక్కన పెట్టి రోజూ చెల్లికి స్నానం, అన్నం, నిద్ర చూస్తుంటే అది సాయం కాదు, భారం. ఈ భారం అన్నయ్యల మీద కన్నా అక్కల మీదే ఎక్కువ పడటం కూడా నేను చూస్తున్నాను. మీ చదువూ మీ ఆటా మీవి.

మీ వంతు వేరేది. ఒక పావుగంట, మీకు ఇష్టమైన ఆట. చెమ్మచెక్క, దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ల. వాళ్లతో తెలుగులో మాట్లాడటం. ఇంట్లో పిల్లలిద్దరూ ఒకరితో ఒకరు ఏ భాష మాట్లాడుకుంటే ఆ ఇంట్లో ఆ భాషే మిగులుతుంది. ఈ సంగతి నేను ఎన్నో ఇళ్లలో చూశాను. అమ్మానాన్నలు తెలుగులో పిలుస్తారు, అక్కాతమ్ముళ్లు హిందీలో పోట్లాడుకుంటారు. కొన్నేళ్లకు ఆ తమ్ముడు సెలవుల్లో అమ్మమ్మ పక్కన కూర్చుని, "అమ్మమ్మ ఏమంటోంది?" అని అమ్మను అడుగుతాడు. అమ్మమ్మకూ మనవడికీ మధ్య అమ్మ దుబాసీ కావడం చూస్తే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. అందుకే మీ పోట్లాటలు కూడా తెలుగులోనే పెట్టుకోండి!

"మాకు తీరిక ఎక్కడిది మాస్టారూ?" అని తల్లిదండ్రులు అంటారు. నిజమే, లేదు. నాకూ లేదు. మా అమ్మాయికి ఇప్పుడు నాలుగేళ్లు. నేను చేసేది కొత్తగా సమయం తీయడం కాదు, ఉన్న పనిలోనే తనను కలుపుకోవడం. స్నానం చేయిస్తూ చెంబుతో బకెట్ నింపితే ఎన్ని చెంబులు పట్టాయో లెక్కపెడతాం. కూరగాయల సంచి ఖాళీ చేస్తూ ఏది గరుకు, ఏది నున్నన అని చూస్తాం. బస్‌స్టాపు దాకా నడుస్తూ తను అడిగిన "ఎందుకు?"లకు జవాబు చెబుతాను, తెలియకపోతే "చూద్దాం పద" అంటాను. రోజులో ఇవన్నీ కలిపితే అరగంట. ఆ అరగంట ఫోన్ జేబులోనే ఉంటుంది.

ఈ వారం మీరు ఒక పని చేయండి. రాత్రి అన్నాలయ్యాక అమ్మను, నాన్నను విడివిడిగా అడగండి: "నీకు నాలుగేళ్లప్పుడు ఎవరు కథ చెప్పేవాళ్లు? ఏ కథ?" ఆ కథను చిన్నవాళ్లు కూడా వినేలా అక్కడే చెప్పించండి. తర్వాత దాన్ని మీ మాటల్లో ఒక పేజీలో రాసి నాకు ఇవ్వండి. తెలుగు అక్షరాలు రాకపోతే వచ్చిన లిపిలోనే రాయండి, దిద్దుకుందాం. ఇరవై కథలు వచ్చినా మన బాలవాటికకు ఒక పుస్తకం కుట్టి ఇవ్వొచ్చు. వచ్చే ఏడాది మీలో ఎవరు ఏ ఊళ్లో ఉంటారో, నేను ఏ ఊళ్లో ఉంటానో తెలియదు. పుస్తకం మాత్రం ఇక్కడ చేరబోయే తెలుగు పిల్లల కోసం అలమారలో ఉంటుంది.